ఫోటోకి చోటు చెప్పేది గడియారం

(ప్రయాణ ఫోటోగ్రాఫర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ప్రయాణాల్లో ఫోటోలు తీసేవాళ్లే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. మీ పాత ఫోల్డర్లలో ఏదో ఒకటి తెరవండి. పేరున్న కట్టడాలు, అందరూ వెళ్లే జలపాతాలు చూడగానే గుర్తొస్తాయి. వాటి చోటు ఎవరైనా చెబుతారు. కానీ మనం మనసుపడి తీసినవి చాలావరకు అవి కావు. దారిలో బండి ఆపి తీసిన చెట్టు, ఏదో మలుపు దగ్గర కనిపించిన పాడుబడ్డ వంతెన, కొండ ఎక్కుతూ వెనక్కి తిరిగి తీసిన లోయ. అవి ఎక్కడివి? కొన్నేళ్లు గడిచాక ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండదు. మళ్లీ వెళ్లి, అదే చోట నిలబడి, ఆ వంతెన ఇంకా ఉందో లేదో చూడాలనిపించినా దారి తెలియదు. చోటు తెలియని ఫోటో అందంగానే ఉంటుంది, కానీ సాక్ష్యంగా పనికిరాదు. ఈ విషయం మీద నాకు ఇంత పట్టింపు అందుకే.

ఆ చోటుని మన కోసం రాసిపెట్టేదే జీపీఎస్ లాగర్. అది అరచేతిలో ఇమిడే చిన్న పరికరం. సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. చాలావాటికి తెర కూడా ఉండదు. ఒకటో రెండో బటన్లు, రెండు మూడు చిన్న లైట్లు, అంతే. ఆన్ చేసి సంచిలో పెట్టుకుంటే కొన్ని సెకన్లకి ఒకసారి తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, ఎత్తు రాసుకుంటూ పోతుంది. 2006లో సోనీ తెచ్చిన జీపీఎస్-సీఎస్1 ఫోటోగ్రాఫర్లని దృష్టిలో పెట్టుకుని చేసిన తొలి లాగర్లలో ఒకటి. అది 15 సెకన్లకి ఒక పాయింట్ రాసేది. తర్వాత హోలక్స్, క్యూస్టార్జ్, ఐ-గాట్‌యూ, కొలంబస్ లాంటి పేర్లతో చాలా వచ్చాయి. అన్నీ చేసే పని ఒకటే. ఏది కొనాలన్న చర్చ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. మీ చేతిలో ఏది ఉన్నా, దాన్ని ఎలా వాడతారన్న దాన్నిబట్టే ఫలితం ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. కెమెరాకీ లాగర్‌కీ మధ్య ఏ సంబంధమూ లేదు. వైరు లేదు, బ్లూటూత్ లేదు. ఇద్దరు గుమస్తాలు వేరువేరు గదుల్లో కూర్చుని రెండు చిట్టాలు రాస్తున్నారనుకోండి. ఒకాయన చిట్టాలో ఏ క్షణానికి మనం ఎక్కడున్నామో ఉంది. ఇంకొకాయన చిట్టాలో ఏ క్షణానికి ఏ ఫోటో తీశామో ఉంది. సాయంత్రం కంప్యూటర్‌లో ఆ రెండు చిట్టాలూ పక్కపక్కన పెట్టి, ఒకే సమయం ఉన్న వరసలని జత చేస్తాం. అలా జత చేసి, ఫోటో ఫైల్లో అక్షాంశ రేఖాంశాలు రాసేయడమే జియోట్యాగింగ్. అంటే ఫోటోకి చోటు ఇస్తున్నది సమయం. గడియారాలు రెండూ ఒక్క మాట మీద ఉంటే అంతా సరిగ్గా ఉంటుంది. లేకపోతే ఎంత ఖరీదైన లాగరైనా ఎంతో ధీమాగా తప్పు చోటు చూపిస్తుంది.

లాగర్ గడియారం గురించి మనం దిగులు పడక్కర్లేదు. ఎందుకో చెబుతాను. జీపీఎస్ అనే వ్యవస్థే గడియారాల మీద నడుస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో అణు గడియారాలు ఉంటాయి. ప్రతి ఉపగ్రహం తన సమయాన్ని, తాను ఉన్న చోటుని ఆపకుండా ప్రసారం చేస్తూ ఉంటుంది. ఆ సిగ్నల్ ఎంత ఆలస్యంగా చేరిందో చూసి రిసీవర్ దూరం లెక్క కడుతుంది. సిగ్నల్ కాంతి వేగంతో వస్తుంది కాబట్టి సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్లు తప్పిపోతుంది. మరి మన చేతిలోని చిన్న పరికరంలో అణు గడియారం లేదు కదా? అందుకే నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడు చోటు కోసం, నాలుగోది రిసీవర్ తన గడియారాన్ని దిద్దుకోవడం కోసం. చోటు దొరికిందంటే సమయం కూడా సరిపోయిందనే అర్థం. లాగర్ రాసిన సమయాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. దీనికి ఒక మినహాయింపు ఉంది, తర్వాత చెబుతాను.

కెమెరా గడియారం అలా కాదు. అది మామూలు క్వార్ట్జ్ గడియారం. కొన్నప్పుడు ఎవరో పెట్టిన సమయంతో నడుస్తూ, రోజుకి కొంచెం కొంచెం ముందుకో వెనక్కో జరుగుతుంది. కొన్ని నెలలు పట్టించుకోకపోతే నిమిషాల తేడా వస్తుంది. రెండు నిమిషాలే కదా అనుకోకండి. గంటకి 5 కిలోమీటర్ల నడకలో రెండు నిమిషాలంటే 160 మీటర్ల పైమాటే. అంటే పక్క వీధి. గంటకి 90 కిలోమీటర్లతో పోయే బండిలో అదే రెండు నిమిషాలకి ఫోటో మూడు కిలోమీటర్ల అవతల పడుతుంది. వంతెన మీద తీసిన ఫోటో ఊళ్లోకి వెళ్లిపోతుంది.

దీనికి నేను చెప్పే ఉపాయం చాలా సులువు. రోజూ పొద్దున్నే మొదటి ఫోటోగా, సెకన్లతో సహా సరైన సమయం చూపించే తెరని ఫోటో తీయండి. మీ లాగర్‌కి తెర ఉండి సమయం చూపిస్తే దాన్నే తీయండి, అంతకంటే మంచిది లేదు. లేకపోతే నెట్‌వర్క్ నుంచి సమయం తీసుకునే ఫోన్ చాలు. సాయంత్రం ఆ ఫోటో తెరిచి చూస్తే, తెర మీద కనిపించే సమయానికీ, కెమెరా ఫైల్లో రాసిన సమయానికీ ఉన్న తేడా మీకు దొరికినట్టే. ఆ తేడాని సాఫ్ట్‌వేర్‌కి చెబితే మొత్తం రోజుని సరిచేస్తుంది. కెమెరా గడియారాన్ని సెకను తేడా లేకుండా పెట్టాలని కుస్తీ పట్టక్కర్లేదు. తప్పు ఉన్నా ఫరవాలేదు, ఎంత తప్పో తెలిస్తే చాలు. రెండు కెమెరాలు ఉంటే రెండింటితోనూ తీయండి. తోటి ప్రయాణికుల కెమెరాలతో కూడా తీయించండి. అప్పుడు ఒక్క లాగర్ బృందం మొత్తానికి సరిపోతుంది. ఈ సౌకర్యాన్ని చాలామంది గమనించరు.

ఇక టైమ్ జోన్. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. లాగర్ రాసిన పాయింట్ల వరసని ట్రాక్ అంటారు. దాన్ని సాధారణంగా జీపీఎక్స్ అనే ఫైలుగా దాచుకుంటాం. అందులో సమయమంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. ఏ దేశంలో ఉన్నా, ఎన్ని సరిహద్దులు దాటినా అది మారదు. ఫోటో ఫైల్లో సమాచారం ఉండే భాగాన్ని ఎక్సిఫ్ అంటారు. ఈ ఎక్సిఫ్ 1995 నాటిది. ఫోటో తీసిన సమయం అందులో ఉంటుంది కానీ అది ఏ దేశపు సమయమో రాసుకునే చోటు చాలా ఏళ్లపాటు లేనే లేదు. 2016లో వచ్చిన 2.31 వెర్షన్‌లో గానీ యూటీసీతో ఉన్న తేడాని రాసే గడి చేరలేదు. ఇప్పటికీ చాలా కెమెరాలు దాన్ని నింపవు. కాబట్టి ఫోటోలో పది గంటలు అని ఉంటే, ఎక్కడి పది గంటలు అన్నది మనమే సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. భారతదేశంలో యూటీసీ కంటే 5:30 గంటలు ముందు. పక్కనే నేపాల్‌కి వెళితే 5:45. ఆ పావుగంట చాలామందికి తట్టదు. ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకి జరిపే దేశాల్లో ఆ మార్పు రోజు మీరు ప్రయాణంలో ఉంటే అదొక తలనొప్పి.

ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. ప్రయాణం మొదలైనప్పుడు కెమెరాలో ఏ సమయం ఉందో, ప్రయాణం ముగిసేదాకా అదే ఉంచండి. సరిహద్దు దాటిన ప్రతిసారీ మార్చకండి. సరిహద్దు దగ్గర మనకి వంద పనులు ఉంటాయి. ఒక కెమెరా మార్చి ఇంకోటి మర్చిపోతాం, లేదా ఎప్పుడు మార్చామో గుర్తుండదు. అప్పుడు ఒకే రోజు ఫోటోలు రెండు లెక్కల్లో ఉంటాయి. విడదీయడం నరకం. మార్చకుండా ఉంచితే మొత్తం ప్రయాణానికి ఒకే తేడా. అలా చేస్తే సూర్యోదయం ఫోటో మీద అర్ధరాత్రి సమయం ఉంటుందని కొందరు అభ్యంతరం చెబుతారు. నిజమే. జియోట్యాగింగ్ అయ్యాక, ఆ దేశపు ఫోటోలన్నిటినీ ఎంచుకుని ఒకేసారి స్థానిక సమయానికి మార్చుకోండి. ఇప్పుడు చోటు తెలుసు కాబట్టి ఏ ఫోటో ఏ దేశానిదో తేల్చడం సులువు.

ఇప్పుడు లాగర్‌ని వాడే తీరు చూద్దాం. ఆన్ చేయగానే నడక మొదలుపెట్టకండి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలని సెకనుకి 50 బిట్ల వేగంతో పంపుతుంది. ఇప్పటి లెక్కలో అది చాలా నెమ్మది. ఒక్కో ఉపగ్రహం నుంచి కావలసిన వివరాలు అందడానికి 30 సెకన్ల దాకా పడుతుంది. ఆ మధ్యలో మనం చెట్టు కిందికో, ఎత్తైన గోడ పక్కకో వెళ్లి సిగ్నల్ తెగితే ఆ ముక్క మళ్లీ వచ్చేదాకా ఆగాలి. మొత్తం ఉపగ్రహాలన్నిటి స్థూల పట్టిక అందడానికైతే 12.5 నిమిషాలు. చాలాకాలం పెట్టెలో ఉన్న లాగర్‌ని, లేదా ఆఫ్ చేసి వందల కిలోమీటర్లు తీసుకెళ్లిన లాగర్‌ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు బయటికి వచ్చి, ఆకాశం బాగా కనిపించే చోట కదలకుండా కొన్ని నిమిషాలు పెట్టండి. చాలామంది రోజులో మొదటి అరగంట ఫోటోలకి చోటు దొరకకపోవడానికి కారణం ఈ తొందరే. ఇప్పటి పరికరాలు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలని కూడా అందుకుంటాయి కాబట్టి పరిస్థితి చాలా మెరుగైంది. అయినా ఆ అలవాటు మంచిదే.

ఎక్కడ పెట్టుకోవాలి? ప్యాంటు జేబులో వద్దు. ఈ సిగ్నల్ నీటిని దాటలేదు, మన ఒళ్లేమో ఎక్కువభాగం నీరు. వీపు సంచి పైజేబులో, యాంటెన్నా ఆకాశం వైపు ఉండేలా పెట్టండి. టోపీలోనో, భుజం పట్టీకో తగిలించుకునేవాళ్లు కూడా ఉన్నారు, అదీ బాగుంటుంది. వాహనంలో అయితే అద్దం దగ్గర. కొన్ని వాహనాల అద్దాలకీ, రైళ్ల ఏసీ బోగీల కిటికీలకీ వేడి ఆపే లోహపు పూత ఉంటుంది. అక్కడ సిగ్నల్ బాగా పడిపోతుంది. ఇరుకు వీధుల్లో ఇంకో సమస్య. సిగ్నల్ గోడలకి తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. లాగర్ దాన్ని నేరుగా వచ్చిందనుకుని దూరం ఎక్కువ లెక్కేస్తుంది. ట్రాక్ వీధికి అటూ ఇటూ ఇళ్ల మీద నుంచి పోతున్నట్టు కనిపిస్తే అది అందువల్లే. 2000 సంవత్సరం మే నెలదాకా అమెరికా ప్రభుత్వం పౌరులకి అందే సిగ్నల్‌లో కావాలని తప్పు కలిపేది, 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఆ తర్వాత అది తీసేశారు. ఇప్పుడు తెరపి ఆకాశం కింద మామూలు ఫోన్‌కి కూడా దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో చోటు దొరుకుతుంది. ప్రయాణ ఫోటోకి ఇంత కచ్చితత్వం అవసరానికి మించినదే. ఆ తేడాని ఇంకా తగ్గించాలని తాపత్రయపడేకన్నా ఆ శ్రద్ధ గడియారం మీద పెట్టండి.

ఎన్ని సెకన్లకి ఒక పాయింట్ అన్నది ప్రయాణాన్ని బట్టి ఉంటుంది. నడకకి 5 సెకన్లు చాలు. ఆ వ్యవధిలో మనం 7 మీటర్లు నడుస్తాం. అదే 15 సెకన్లయితే, గంటకి 80 కిలోమీటర్లతో వెళ్లే బండిలో రెండు పాయింట్ల మధ్య 330 మీటర్లు ఉంటుంది. ఘాట్ రోడ్డులో అంత దూరంలో రెండు మలుపులు వస్తాయి, ట్రాక్ కొండని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. నేనైతే అన్నిటికీ 5 సెకన్లే పెట్టమంటాను. రోజు మొత్తం ఆపకుండా నడిచినా 17,280 పాయింట్లు, కంప్యూటర్‌కి అదొక లెక్క కాదు. ఇంకో సెట్టింగ్ మాత్రం తప్పకుండా చూసుకోండి. మెమరీ నిండితే పాతది చెరిపేసి రాయాలా, ఆగిపోవాలా అని అడుగుతుంది. ఏది పెట్టారో మీకు తెలిసి ఉండాలి. రోజూ ట్రాక్‌ని కంప్యూటర్‌లోకో ఫోన్‌లోకో దింపుకుంటే ఈ భయమే ఉండదు.

భవనాల లోపల ఏం జరుగుతుంది? సిగ్నల్ పూర్తిగా పోతే లాగర్ ఏమీ రాయదు, అది నయం. సగం సగం అందితేనే ఇబ్బంది. మనం ఒకచోట కూర్చుని ఉన్నా ట్రాక్ చుట్టూ వంద మీటర్లు తిరుగుతూ పిచ్చి గీతలు గీస్తుంది. అక్కడ ఎక్కువసేపు ఉండబోతున్నారంటే ఆఫ్ చేయండి. సాఫ్ట్‌వేర్‌కి రెండు పాయింట్ల మధ్య ఖాళీ కనిపిస్తే, వాటిని సరళరేఖతో కలిపి, సమయం ప్రకారం ఫోటోని ఆ గీత మీద పెడుతుంది. వెళ్లిన గుమ్మం నుంచే బయటికి వస్తే ఆ చోటు దాదాపు సరిపోతుంది. ఒకవైపు వెళ్లి ఇంకోవైపు వస్తే లోపలి ఫోటోలన్నీ గీత మీద వరసగా పరుచుకుంటాయి. సొరంగంలో, మెట్రోలో కూడా అంతే. జియోట్యాగింగ్ చేసే ఎక్సిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి ఖాళీకి మామూలుగా ఉండే హద్దు 1,800 సెకన్లు. ఫోటోకి దగ్గరి పాయింట్ అరగంటకి మించి దూరంలో ఉంటే చోటు రాయదు. ఆ హద్దుని పెంచమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. ఊహించి రాసిన చోటు, నిజంగా కొలిచిన చోటు పక్కన చేరితే రేపు రెంటినీ విడదీయలేం. అలాంటి ఫోటోలని మ్యాప్ మీద చేత్తో పెట్టండి. అప్పుడు బాధ్యత మీది, అది మీకు గుర్తుంటుంది.

లాగర్ సమయాన్ని నమ్మవచ్చని చెప్పి, ఒక మినహాయింపు ఉందన్నాను కదా. పాత లాగర్లు వాడేవాళ్లు జాగ్రత్తగా వినండి. జీపీఎస్ తేదీని వారాల లెక్కలో పంపుతుంది. పాత సిగ్నల్‌లో ఆ వారం సంఖ్యకి 10 బిట్లే కేటాయించారు, అంటే 1,024 వారాలకి మళ్లీ సున్నా అవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి అలా అయింది. 2019 తర్వాత కొన్ని పాత లాగర్లు తేదీని 1,024 వారాలు వెనక్కి, అంటే దాదాపు 19 ఏళ్ల 7 నెలలు వెనక్కి రాస్తున్నాయి. గంటలు, నిమిషాలు, చోటు అన్నీ సరిగ్గానే ఉంటాయి. తేదీ ఒక్కటే తప్పు. 2024లో తీసిన ఫోటోలకి ట్రాక్ 2004 నుంచి వస్తుంటే సాఫ్ట్‌వేర్ ఒక్క ఫోటోకీ చోటు దొరకలేదంటుంది. మనవాళ్లు పరికరం పాడైందనుకుని పారేస్తున్నారు. పారేయకండి. జీపీఎస్‌బేబెల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ట్రాక్‌ని 7,168 రోజులు ముందుకి జరిపితే చాలు, అది నిక్షేపంలా పనిచేస్తుంది.

సాఫ్ట్‌వేర్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాదాపు అన్నీ ఈ పనిని బాగానే చేస్తాయి. లైట్‌రూమ్‌లో మ్యాప్ భాగం ఉంది. డిజికామ్, డార్క్‌టేబుల్ ఉచితం. విండోస్‌లో జియోసెటర్ అంటే చాలామందికి ఇష్టం. ఫిల్ హార్వే 2003 నుంచి అభివృద్ధి చేస్తున్న ఎక్సిఫ్‌టూల్‌ని ఆదేశాలు టైప్ చేసి నడపాలి, అందుకని కొందరు జంకుతారు. కానీ నా ఓటు దానికే. ఎందుకంటే అది ఏం చేసిందో దాచదు, మార్చే ముందు మూల ఫైలుని పక్కన భద్రపరుస్తుంది. ఏది వాడినా క్రమం మాత్రం తప్పకండి. కెమెరా నుంచి ఫోటోలు దింపగానే, కత్తిరించడం, రంగులు దిద్దడం మొదలుపెట్టకముందే జియోట్యాగింగ్ చేయండి. ఎడిటింగ్ తర్వాత కొన్ని ఫైళ్లు తీసిన సమయాన్ని పోగొట్టుకుంటాయి. అది పోతే ఇక ట్రాక్‌తో జత కుదరదు. రా ఫైళ్లు, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా ఇచ్చే ముడి ఫైళ్లు వాడేవాళ్లు ఫైల్లోనే రాయకుండా, వివరాలు మాత్రమే ఉండే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలుగా పక్కన దాచుకోవచ్చు, అదే క్షేమం.

ఒక సంగతి మీద మీ ధ్యాస కోరుతున్నాను. లాగర్ చెప్పేది మీరు నిలబడిన చోటు. ఫోటోలో ఉన్నదాని చోటు కాదు. ముప్పై కిలోమీటర్ల అవతలి మంచుకొండని తీస్తే, మ్యాప్ మీద ఆ ఫోటో కొండ మీద కాక మీ పాదాల దగ్గర పడుతుంది. ఎక్సిఫ్‌లో ఈ రెంటికీ వేరువేరు గడులు ఉన్నాయి. కెమెరా ఏ దిక్కుకి తిరిగి ఉందో రాయడానికి ఇంకో గడి కూడా ఉంది. 2012లో వచ్చిన, కెమెరాకి తగిలించుకునే కెనాన్ జీపీ-ఈ2 లాంటి కొన్ని జీపీఎస్ పరికరాల్లో దిక్సూచి ఉంటుంది కాబట్టి ఆ దిక్కు దానంతటదే పడుతుంది. మిగతావాళ్లు ముఖ్యమైన ఫోటోలకైనా చేత్తో రాసుకోవాలి. అందరూ ఉచితంగా వాడుకునేలా ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్ వెబ్‌సైట్‌లో కూడా కెమెరా చోటు, వస్తువు చోటు అని రెండు విడివిడిగా అడుగుతారు. కట్టడం ఫోటోని ఆ కట్టడం మీదికి జరిపేయకండి. నిలబడిన చోటు తెలిస్తేనే ఇంకొకరు ఇరవై ఏళ్ల తర్వాత అక్కడే నిలబడి అదే దృశ్యాన్ని తీయగలరు. హిమానీనదాలు ఎంత తగ్గాయో, తీరం ఎంత కోసుకుపోయిందో పాత ఫోటోలతో పోల్చి చూపించేవాళ్లకి కావలసింది సరిగ్గా అదే.

ఎత్తు విషయం రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. జీపీఎస్ ఇచ్చే ఎత్తులో తప్పు, చోటులో తప్పు కన్నా ఎక్కువగా ఉంటుంది. ఎత్తు మీకు ముఖ్యమైతే తర్వాత మ్యాప్ సమాచారం నుంచి తీసుకోండి. చైనాలో ప్రయాణించేవాళ్లకి ఇంకో వింత ఎదురవుతుంది. అక్కడి మ్యాప్‌లు చట్టప్రకారం జీసీజే-02 అనే వేరే పద్ధతిలో ఉంటాయి. మీ ట్రాక్ రోడ్డుకి కొన్ని వందల మీటర్ల పక్కన కనిపిస్తుంది. ట్రాక్ తప్పు కాదు, మ్యాప్ జరిగి ఉంది. ట్రాక్‌ని లాగి రోడ్డు మీద పెట్టకండి.

ఇక గోప్యత. చోటు రాసిన ఫోటో ఎవరి చేతికి వెళ్లినా చోటు కూడా వెళుతుంది. 2012 డిసెంబరులో మెకఫీ యాంటీవైరస్ సంస్థ స్థాపకుడు జాన్ మెకఫీ పోలీసులకి దొరకకుండా తిరుగుతున్నప్పుడు, ఆయనతో ఉన్న ఒక పత్రికవాళ్లు వెబ్‌లో పెట్టిన ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు ఉండిపోయాయి. ఆయన గ్వాటెమాలాలో ఉన్న సంగతి అలా బయటపడింది. ట్రాక్‌ల విషయమూ అంతే. పరుగు, సైకిల్ దారులని నమోదు చేసే యాప్ నడిపే స్ట్రావా సంస్థ 2017లో తన వాడుకరుల పరుగులన్నీ కలిపి ఒక మ్యాప్‌గా ప్రచురిస్తే, దాని మీద సైనిక స్థావరాల లోపలి దారులు వెలుగుతూ కనిపిస్తున్నాయని 2018 జనవరిలో గుర్తించారు. చోటు మీ దగ్గరున్న మూల ఫైల్లో ఉండాలి. బయటికి ఇచ్చే కాపీలో ఉండాలా అన్నది ప్రతిసారీ మీరు ఆలోచించి నిర్ణయించాలి. ఇంటి ఫోటోలు, పిల్లల ఫోటోలు, ఎవరి ఇంట్లోనైనా ఆతిథ్యం పొంది తీసినవి చోటు తీసేసి ఇవ్వండి. అరుదైన జంతువులు, పక్షుల గూళ్లు, అపురూపమైన మొక్కల విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. వేటగాళ్లకీ, దొంగలకీ మనమే దారి చూపించకూడదు. ఇంకో జాగ్రత్త. ఇల్లు వదిలి కొంతదూరం వెళ్లాకే లాగర్ ఆన్ చేయండి. అప్పుడు ట్రాక్‌ని ఎవరికి ఇచ్చినా మీ గుమ్మం అందులో ఉండదు.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ఫోన్ ఉండగా వేరే లాగర్ ఎందుకండీ? ఫోన్లోనే ట్రాక్ రాసే యాప్‌లు ఉన్నాయి కదా?

ఉన్నాయండీ, బాగా పనిచేస్తాయి కూడా. ఫోన్‌తో మీ పని జరిగిపోతుంటే లాగర్ కొనమని నేను చెప్పను. నేను ఇప్పటిదాకా చెప్పిన గడియారం సంగతులన్నీ ఫోన్ ట్రాక్‌కి కూడా వర్తిస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, బ్యాటరీ ఆదా చేయడానికి ఫోన్ వెనకాల నడుస్తున్న యాప్‌ని చెప్పకుండా ఆపేస్తుంది. సాయంత్రం చూస్తే మధ్యాహ్నం నుంచి ట్రాక్ ఉండదు. కెమెరాని బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపి చోటు తీసుకునే పద్ధతిలో కూడా కనెక్షన్ తెగిందని మనకి తెలియదు. పరాయి ఊళ్లో ఫోన్ బ్యాటరీ అయిపోతే వచ్చే టెన్షన్ అందరికీ తెలుసు. టికెట్లు, మ్యాప్‌లు, మాట్లాడుకోవడం అన్నీ దానిలోనే. ఈ ఒక్క భారాన్నైనా దాని మీద నుంచి దించడం నాకు నచ్చుతుంది. రోజంతా నడిచే దూరప్రయాణాలకి, అడవి దారులకి లాగరే మేలు. నగరంలో ఒక పూట తిరగడానికి ఫోన్ చాలు.

ప్రశ్న: ఫోటోలకి చోటు రాసేశాక ట్రాక్ ఫైళ్లు చెరిపేయవచ్చా?

వద్దండీ. ట్రాక్‌లో ఫోటోల మధ్య దారి కూడా ఉంది. రేపు టైమ్ జోన్ తప్పు పడిందని తెలిస్తే, మళ్లీ మొదటినుంచి చేయడానికి అదే ఆధారం. ఫైళ్లు కూడా చాలా చిన్నవి, ఒక రోజు ట్రాక్ ఒక ఫోటో అంత కూడా ఉండదు. తేదీని పేరుగా పెట్టి ఆ రోజు ఫోటోల ఫోల్డర్‌లోనే దాచండి. ఇష్టమైతే, అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి కూడా ఇవ్వవచ్చు. మ్యాప్‌లో లేని కాలిబాటలని అక్కడి స్వచ్ఛందులు ఇలాంటి ట్రాక్‌లు చూసే గీస్తారు.

ప్రశ్న: లాగర్ లేని రోజుల్లో తీసిన పాత ఫోటోలున్నాయి. వాటికి ఏమైనా దారి ఉందా?

అదే ప్రయాణంలో మీరు గానీ, తోటివాళ్లు గానీ ఫోన్‌తో కొన్ని ఫోటోలు తీశారేమో చూడండి. ఫోన్ ఫోటోల్లో చాలావాటికి చోటు, సరైన సమయం రెండూ ఉంటాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి ఎక్సిఫ్‌టూల్‌తో ఒక జీపీఎక్స్ ఫైలుగా తయారు చేసుకోవచ్చు. పాయింట్లు తక్కువే ఉంటాయి, కానీ అది కూడా ట్రాకే. కెమెరా గడియారం అప్పుడు ఎంత తప్పుగా ఉందో తేల్చడానికి, ఫోన్‌తోనూ కెమెరాతోనూ ఒకేసారి తీసిన దృశ్యం ఒక్కటి వెతకండి. ఆ జత దొరికితే తేడా తెలిసినట్టే. ఏ గడియారమో, రైల్వే స్టేషన్ బోర్డో ఫోటోలో పడి ఉన్నా పనికొస్తుంది. ఫోన్ ఫోటోకి ఐదారు నిమిషాల లోపు తీసినవాటికి మాత్రమే చోటు రాయనివ్వండి. మిగిలినవాటిని మ్యాప్ మీద చేత్తో పెట్టి, కీవర్డ్‌లలో ‘అంచనా’ అని రాయండి. అప్పుడు ఏది కొలిచిందో ఏది ఊహించిందో ఫైలు చూడగానే తెలుస్తుంది.